వంటింటికి సున్నా గంటలు

2013 మే నెలలో నేను పొయ్యి ముందే కళ్ళు తిరిగి పడిపోయాను. వేడికి దూరంగా ఉండకపోతే మళ్ళీ లేవనని నారాయణగూడ డాక్టరమ్మ చెప్పింది. దాంతో మా ఆయన ప్రహ్లాద్‌కు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చి, చిక్కడపల్లిలోని మా ఇంటికి ఏసీలు పెట్టించడానికి పూనుకున్నాడు.

బయట ఒకటే పెద్ద పెట్టె, లోపల నాలుగు యూనిట్లు. ఏ గదిలో మనిషుంటే ఆ గదే చల్లబడుతుంది, కరెంటు వృథా కాదు. కొలతలకు వచ్చిన మెకానిక్ మొగిలయ్య, యూనిట్లు ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చడానికి కాగితం తీసి, ఏ గదిలో రోజుకు ఎన్ని గంటలు మనుషులుంటారో చెప్పమన్నాడు. నేను లోపల రొట్టెలు చేస్తున్నాను. మా ఆయనా, మామగారూ చెప్పారు.

పైపులు బిగించే రోజు ఆ కాగితం నా కంటపడింది. హాలు ఆరు గంటలు. పడకగదులు రెండూ ఎనిమిదేసి. మామగారు జపం చేసుకునే దేవుడి గది, అరగంట. వంటిల్లు, సున్నా.

అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున చాయ్ నుంచి రాత్రి గిన్నెలు బోర్లించే దాకా, పదహారేళ్ళుగా నేనెక్కడ ఉన్నట్టు?

"సున్నా అని ఎవరు రాయించిండ్రు?" అని మా ఆయనను అడిగాను.

"వంటింట్ల ఎవరు కూసుంటరు? వండి బయటికే వస్తవు గద. పని అయినంక హాల్ల చల్లగ కూసో. నీ కోసమే గద ఇదంత."

"దేవుని అర్రల ఉక్కపోస్తదమ్మా," అన్నారు మామగారు.

దేవుడికి ఉక్కపోస్తుందట. నాకు పోయదు. ఇక వీళ్ళతో మాటలు దండగ.

ఏసీలు బిగించి పోయాక వచ్చిన ఆదివారం సిలిండరు దొర్లించుకొచ్చి, హాల్లో భోజనాల బల్ల మీద పొయ్యి వెలిగించాను. ఒక పక్క పప్పు, ఒక పక్క పెనం. ఎండుమిరపకాయల పోపు వేసేసరికి మామగారు దగ్గుతూ పేపరు పట్టుకొని లేచిపోయారు. ఏసీ ఎంత గింజుకున్నా గది చల్లబడలేదు. మా ఆయన బనీను తడిసి ఒంటికి అతుక్కుంది.

"గిదేంది? ఇంత ఉడుకల ఎట్ల కూసుండాలె?"

"కూసునుడెందుకు? ఇట్ల వచ్చి నిలవడుండ్రి, నేను నిలవడ్డట్టు," అని అట్లకాడ చేతికిచ్చాను.

నా మొహం చూసి, వచ్చి పెనం ముందు నిలబడ్డాడు. మూడో రొట్టెకే కుర్చీలో కూలబడి, వంటింటి గంటలు మార్చమని మొగిలయ్యకు ఫోన్ చేస్తానన్నాడు.

"చేద్దురు గని లేవుండ్రి," అన్నాను. "ఇంక పదకొండు రొట్టెలున్నయి."