హావ్‌రాన్ ఎడమ పాదం

అమెరికాలోని ఫ్రిస్కోలో ఒక బాస్కెట్‌బాల్ జట్టుకు నేను అసిస్టెంట్ ట్రైనర్‌ని. ట్రైనర్ అనగానే ఆట నేర్పుతాననుకునేరు. ఆటగాళ్ల మోకాళ్లూ మడమలూ చూడటం నా పని. టేపు చుట్టాలి, ఐసు పెట్టాలి, ఎవరు ఆడవచ్చో ఎవరు కూర్చోవాలో హెడ్ ట్రైనర్ డెరెక్‌కు చెప్పాలి. వరంగల్ నుంచి వచ్చి మాస్టర్స్ ఇందులోనే చేశానంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. "ప్రణీత సాఫ్ట్‌వేరే కదా" అని తేల్చేస్తారు. నేనూ విసిగిపోయి అవునంటున్నాను.

మాది పెద్ద లీగు కాదు, దానికి కింది మెట్టు. ఇక్కడ ఆడే ప్రతివాడూ పైనుంచి ఫోన్ వస్తుందని ఎదురుచూసేవాడే. వాళ్లలో సున్ హావ్‌రాన్ ఒకడు. చైనావాడు, మనలాగే ఇంటిపేరు ముందు. ఆరడుగుల పది అంగుళాల మనిషి మా బస్సులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడం వరకు అతను బ్రహ్మాండంగా గెలిచాడు. పదకొండేళ్లప్పుడు వాళ్ల ఊరి బడికి ఎవరో వచ్చి, చేతికి ఎక్స్‌రే తీసి, ఈ ఎముకలు ఎంత పొడుగు పెరుగుతాయో లెక్కగట్టి, క్రీడాపాఠశాలకు తీసుకెళ్లారట. పంతొమ్మిదేళ్లకు అక్కడి ప్రొఫెషనల్ లీగులో ఆడాడు. తరువాత వాళ్ల క్లబ్బుకు కప్పు తెచ్చిపెట్టాడు. పాల ప్యాకెట్ల మీద బొమ్మ వేశారు. ఎయిర్‌పోర్ట్‌లో దిగితే ఆడపిల్లలు ఏడ్చేవారట. రచ్చ దగ్గరే చిక్కు వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక సీజన్ ఆడాడు. అమెరికాకు ఒకసారి వచ్చి, ఎవరూ తీసుకోక వెనక్కి వెళ్లాడు. అప్పుడు వాళ్ల దేశంలో జనం ఇంటర్నెట్‌లో నానామాటలూ అన్నారు. ఆడకుండా బెంచీ వేడి చేయడానికి అంత దూరం దేనికన్నారు. ఇది రెండో ప్రయత్నం. ఫిబ్రవరి ఆఖరుదాకా క్లబ్బు వదిలింది. ఆలోపు పెద్ద లీగు పిలవకపోతే తిరిగి వెళ్లాలి, మళ్లీ వదలరు. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇంకో అవకాశం లేదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

జనవరి నుంచి అతని ఎడమ పాదం నాకు నచ్చలేదు. బస్సు దిగేటప్పుడు ఎప్పుడూ కుడికాలే ముందు నేలకు ఆనించేవాడు. టేపు నేను వేస్తానంటే వద్దని మూలకు పోయి తనే చుట్టుకునేవాడు. బెంచీ మీద కూర్చున్నప్పుడు బొటనవేలితో పాదం పైభాగాన్ని నొక్కుకునేవాడు, ఎవరైనా చూస్తే లేసు సర్దుకుంటున్నట్టు నటించేవాడు. అక్కడ ఉండే చిన్న ఎముక పొడుగు ఆటగాళ్లకు యముడు. సన్నగా పగులు మొదలవుతుంది. ఆట ఆపితే అతుక్కుంటుంది. ఆపకపోతే ఒకరోజు ఎగిరి దిగేసరికి రెండు ముక్కలవుతుంది. అలా విరిగాక మళ్లీ ఎగరనివాళ్లు ఉన్నారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున ప్రతి ఆటగాడూ తన నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి. హావ్‌రాన్ రోజూ "ఒకటి" అనేవాడు. సున్నా అంటే అనుమానం వస్తుంది కదా, అంత తెలివి. డెరెక్ ఒకసారి అడుగుతాడు, చెప్పింది ట్యాబ్‌లో కొడతాడు, తరువాతివాడిని పిలుస్తాడు. చెడ్డవాడేం కాదు. ఇక్కడ మర్యాదే అంత. మనిషి బాగున్నానంటే బాగున్నట్టు. రెండోసారి అడిగితే అతని మాట నమ్మనట్టని కాలేజీలో మా ప్రొఫెసరు నూరిపోశాడు. అయినా మనసాగక నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నవ్వి బాగుందన్నాడు. ఇక అడగలేదు.

అడగలేదు గానీ నాకు స్థిమితం లేదు. రింగుకు తగిలి వచ్చే బంతి కోసం అతను ఎగిరిన ప్రతిసారీ నా కళ్లు ఆ ఎడమ పాదం మీదే ఉండేవి. దిగి పరుగెత్తితే హమ్మయ్య అనుకునేదాన్ని, మళ్లీ ఎగిరేవాడు. అంతలో డెరెక్ ఒక కబురు చెప్పాడు. పెద్ద లీగు జట్టువాళ్లు ఇద్దరు శనివారం మ్యాచ్‌కు వస్తున్నారు, హావ్‌రాన్‌ని చూడటానికే. అందరూ అతని వీపు తట్టారు. నేనూ తట్టాను.

ఆ వారంలోనే చైనావాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. ముందురోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేయడం వాళ్ల ఆచారం. హావ్‌రాన్ అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే శాండ్‌విచ్ తింటాడని మాటల్లో ఈ ఊళ్లోనే ఉండే మా వసుమతి పిన్నితో అన్నాను. ఆమె నాకే చీవాట్లు పెట్టింది. పండగపూట ఒంటరిగా తిననిస్తావా, నువ్వేం మనిషివే అంది. ఆ సాయంత్రం నా కార్‌లో ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి అతన్ని పిన్నివాళ్ల ఇంటికి తీసుకెళ్లాను.

గుమ్మంలోనే బూట్లు విప్పేశాడు. చెప్పకుండానే విప్పాడని రామమోహన్ బాబాయి మురిసిపోయాడు. పిన్ని మటన్ కూర, పులిహోర, గోంగూర పచ్చడి చేసింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు, తెలుగులో పది ముక్కలు కలిపి మాట్లాడుతుంటే అతను అన్నిటికీ తలూపాడు. ప్లేటు ఖాళీ అయింది. పిన్ని గరిటె ఎత్తింది. అతను ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాడు. పిన్ని మళ్లీ అడిగింది. మళ్లీ చాలన్నాడు. నాకు సిగ్గేసింది. ఈ దేశంలో ఇలా మీదపడి వడ్డిస్తే ఏమనుకుంటారోనని మధ్యలో దూరాను.

"పిన్నీ, నో అన్నాడుగా. ఫోర్స్ చెయ్యకు."

"నువ్వు ఊకో. అది నో కాదే, మొహమాటం. రెండుసార్లు వద్దన్నోనికి మూడోసారి పెట్టాలె. తిను బిడ్డా."

మూడోసారి గరిటె వచ్చేసరికి అతని చెయ్యి తప్పుకుంది. ఆ తరువాత ఇంకో రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. వాళ్ల నాయనమ్మ కూడా ఇంతేనట. అడగగానే ఒప్పుకుంటే కరువుమొహం అంటారట, రెండుసార్లు కాదనడం మర్యాదట. అమెరికాలో ఎవరూ మూడోసారి అడగరు, అందుకే చాలా విందుల్లో అర్ధాకలితో లేచానని చెప్పి నవ్వాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, ఇక్కడ రాయను గానీ, నాకప్పుడు అదే గుర్తొచ్చింది. అతని పాదం గురించి నేను అడిగింది రెండుసార్లే.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకున్నాడు. కుడిది ఒక్క క్షణంలో ఎక్కింది. ఎడమదానికి లేసులు పూర్తిగా లాగేసి, బూటు నాలుక బయటికి లాగి, పళ్లు బిగబట్టి మెల్లగా దూర్చాడు. మేజోడు మీదినుంచే వాపు తెలుస్తోంది. పిన్నీ బాబాయీ లోపల డబ్బాలు సర్దుతున్నారు. నేను అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"హావ్‌రాన్, మళ్లీ అడుగుతున్నాను. ఆ కాలు నొప్పిగా ఉందా?"

అతను లేసులు బిగించడం ఆపాడు.

"ఏడు," అన్నాడు. "రాత్రుళ్లు ఎనిమిది."

తరువాత మాటలు ఆగలేదు. అతని ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది గానీ ఆరోజు అంతా అర్థమైంది. క్రీడాపాఠశాలలో కోచ్ పొద్దున్నే వరసలో నిలబెట్టి ఎవరికి నొప్పో చెయ్యెత్తమనేవాడట. ఎత్తిన పిల్లలు కొన్నాళ్లకు మంచాలు ఖాళీ చేసి ఇళ్లకు వెళ్లిపోయేవారట. అతను ఒక్కసారీ ఎత్తలేదు. ఇప్పుడు కూడా ఎత్తడు. శనివారం దాకా నోరు మెదపవద్దని బతిమాలాడు. ఒక్క మ్యాచ్. వాళ్లు చూస్తారు, పిలుస్తారు, ఆ తరువాత స్కాన్ అయినా ఆపరేషన్ అయినా చేయించుకుంటానన్నాడు.

కుదరదన్నాను. అది నా పని అన్నాను. అతనికి కోపం రాలేదు, అదే నాకు మరీ కష్టమైంది. ఈ ఇంట్లో నేను అతిథిని, మీ పిన్ని చేతి అన్నం తిని చెప్పాను, ట్రైనర్‌కి చెప్పలేదు అన్నాడు. చివరికి, పొద్దున డెరెక్ అడిగినప్పుడు నువ్వే చెప్పు, నీ నోటితో చెబితే గౌరవంగా ఉంటుంది, చెప్పకపోతే నేను చెబుతాను అన్నాను. దారి పొడుగునా అతను పిన్ని ఇచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నిద్ర పట్టలేదు. చెబితే అతని రచ్చ ముగిసినట్టే. నెలాఖరుకు వెనక్కి వెళ్తాడు, విరిగిన సరుకని క్లబ్బువాళ్లే అంటారు. చెప్పకపోతే శనివారం నా కళ్లముందే ఆ ఎముక పుటుక్కుమనవచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అందులో దూకవలసింది నేను కాదు, అతను. తోయవలసింది మాత్రం నేను. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చిన నా ఓపీటీ అనుమతి, నా వీసా కూడా గుర్తొచ్చాయి, రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఎక్కువ భయపెట్టింది ఆ మెట్టు మీద బిగబట్టిన పళ్లే.

పొద్దున డెరెక్ ఎప్పటిలాగే అంకె అడిగాడు. హావ్‌రాన్ నావైపు చూశాడు. బతిమాలే చూపు కాదది. ఇంటి మాట ఇంట్లోనే ఉంటుందని నమ్మినవాడి చూపు.

"ఒకటి," అన్నాడు.

డెరెక్ ట్యాబ్ మీద వేలు పెట్టాడు.

"ఒకటి కాదు," అన్నాను. "ఏడు. ఎడమ పాదం. జనవరి నుంచి. నాతో చెప్పాడు."

గదిలో అందరూ తిరిగి చూశారు. హావ్‌రాన్ మాత్రం నావైపు చూడలేదు. మధ్యాహ్నానికి స్కాన్ అయింది. పగులు ఎముకలో సగం దాటింది. శనివారం అతను సూటు వేసుకుని, చంకల కింద కర్రలతో బెంచీ చివర కూర్చున్నాడు. వచ్చిన ఇద్దరూ మ్యాచ్ అంతా చూశారు. సోమవారం ఫోన్ వచ్చింది, హావ్‌రాన్ స్థానంలో ఆడిన కుర్రాడికి. జట్టంతా వాణ్ణి ఎత్తి గిరగిరా తిప్పారు. హావ్‌రాన్ కర్ర మీద ఆనుకుని చప్పట్లు కొట్టాడు. అది చూడలేక నేను స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి, సర్ది ఉన్న టేపు చుట్టలనే మళ్లీ సర్దాను.

నాతో మాట మానేశాడు. నొప్పి అంకె కూడా డెరెక్‌కే చెప్పేవాడు. వాళ్ల క్లబ్బు ఆపరేషన్ అక్కడే చేయిస్తామంది. ఆడగలిగితే వచ్చే ఏడు చూస్తామంది. నెలాఖరున అతన్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపే పని డెరెక్ నాకే అప్పజెప్పాడు. ఇంకెవరూ ఖాళీగా లేరన్నాడు. కావాలనే చేశాడేమో తెలియదు.

టోల్ రోడ్డు మీద ట్రాఫిక్ లేదు. రేడియో పెడదామనుకుని మానేశాను. సారీ చెబుదామని రెండుమూడుసార్లు నోటిదాకా వచ్చింది. దేనికి చెప్పాలి? చేసింది తప్పయితే చెప్పవచ్చు, కాదే. కాకపోయినా అతని బతుకు నా నోటి నుంచి వచ్చిన ఒక్క అంకెతో మారిపోయింది. అది కూడా నిజమే.

ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ వద్దన్నాడు. రెండోసారి అడిగాను, మూడోసారి కూడా అడిగాను. మూడోసారీ వద్దన్నాడు, ఈసారి నిజంగానే వద్దట. కర్రల మీద సెక్యూరిటీ లైను దాకా నడిచి ఆగాడు. ఇన్నాళ్లకు నావైపు నేరుగా చూశాడు.

"ఒక మాట అడగాలి. శనివారం ఆడి ఉంటే విరిగేదా?"

ఈ ప్రశ్న నేను స్కాన్ చూసిన డాక్టర్‌ని ముందే అడిగి ఉన్నాను. ఎవరూ చెప్పలేరమ్మా, తరువాతి అడుగులోనే పోవచ్చు, ఇంకో పది మ్యాచ్‌లు ఆగనూవచ్చు అన్నాడాయన. ఆ ఒక్క మ్యాచ్ దాటి ఉండేదేమో. వాళ్లు పిలిచి ఉండేవారేమో. ఎప్పటికీ తెలియదు. తెలియదు అనే మాటతో పదమూడు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఆపరేషన్ బల్ల ఎక్కి, ఆ తరువాత ఎన్నేళ్లు బతుకుతాడో అన్నేళ్లూ ఈ మనిషి ఆ శనివారాన్ని ఎలా మోస్తాడు?

"విరిగేది," అన్నాను.

"తప్పకుండానా?"

"తప్పకుండా. మొదటి క్వార్టర్‌లోనే. డాక్టర్ చెప్పాడు."

అతను కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. తరువాత ఒక కర్రను చంకలో ఇరికించి, ఆ చేత్తో నా భుజం తట్టాడు. థాంక్యూ అన్నాడు. లైను కదిలింది, అతనూ కదిలాడు. అంత పొడుగు మనిషి కదా, లోపలికి వెళ్లాక కూడా చాలాసేపు అతని తల కనబడుతూనే ఉంది, నేను అక్కడే నిలబడి చూశాను.