ఆ మాటలో గాలి లేదు

పదకొండున్నరకు డీర్క్ క్వాస్ట్ కాఫీ పోసుకుని వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాడు. పన్నెండింటి గంట మోగేదాకా రొట్టె ముట్టడు. ఆరేళ్లుగా అదే అలవాటు.

కాలువకు అవతల, ఆపిల్ తోట చివర చెక్క గోపురం. అందులో గంట తాడు లాగేది అతని భార్య మెట్టా. ఆరేళ్ల క్రితం ఈ ఇల్లు వదిలి, చర్చి బాగోగులు చూసే పనిలో చేరి, గోపురం పక్కనున్న చిన్న ఇంట్లో ఉంటోంది. విడాకులు లేవు, కేకలు లేవు, పలకరింపులూ లేవు. రోజుకోసారి గంట. డీర్క్ దాన్నే పలకరింపు అనుకుంటున్నాడు.

ఆ రోజు గంట కంటే ముందు లారీ వచ్చింది. వెనకాల ఇనుప తీగ చుట్టిన పెద్ద చక్రం. గోపురానికి పడమటి పక్కన ఆగింది. నారింజ రంగు కోటు వేసుకున్న మనిషొకడు దిగి, చేతిలో కాగితం చూసుకుంటూ వాయవ్య మూల స్తంభం వైపు వేలు చూపించాడు.

డీర్క్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఆ కాగితం తనదే. వసంతంలో చర్చి వాళ్లు గోపురం చూసి రాసిమ్మంటే రాసి ఇచ్చాడు. నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి, రాత దగ్గర మాత్రం పరమ పిసినారి. వాయవ్య స్తంభం గురించి ఒకే ఒక్క మాట రాశాడు. విండ్‌షీఫ్.

లారీ పడమట ఎందుకు ఆగింది? పడమటి నుంచి తీగ కట్టి ఎందుకు లాగుతారు?

తన మాటను వాళ్లెలా చదివారో అర్థం కాగానే గోడకు వేలాడుతున్న, చెక్క వంకర చూసే రెండు బద్దలు లాక్కుని, ఇంట్లో తిరిగే చెప్పులతోనే బయటికి పరిగెత్తాడు. డెబ్బై రెండేళ్ల వయసులో కాలువ మీది పలకవంతెన ఒక్క ఊపున దాటాడు.

"మోయిన్, క్వాస్ట్ గారూ," అని పలకరించాడు నారింజ కోటు. జిల్లా కట్టడాల ఆఫీసు నుంచి వచ్చిన ల్యూర్స్. నలభై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. "చెప్పులతో వచ్చేశారేంటి? మీ గోపురాన్ని ఎవరూ ఎత్తుకుపోరు లెండి."

"తీగ ఆపు."

"ఇంకా లాగలేదండీ. వదులు తీస్తున్నాం, అంతే. మీరేగా రాశారు, గాలికి ఒరిగిందని."

"నేనెక్కడ రాశాను?"

ల్యూర్స్ కాగితం చూపించాడు. "ఇదిగో. విండ్‌షీఫ్. మా తాత కొట్టం కూడా ఇలాగే పడమటి గాలికి ఒరిగిపోయి ఉండేది. అందరూ అదే మాట అనేవాళ్లు."

ఊళ్లో అందరూ అనేది అదే. ఒరిగిన కంచె, కుంగిన కొట్టం, పక్కకు జారిన టోపీ, దేన్ని చూసినా విండ్‌షీఫ్. విండ్ అంటే గాలి, షీఫ్ అంటే వంకర; ఆ మాట వినగానే చెవికి తగిలేది గాలే. సముద్రం నుంచి వచ్చే గాలికి చెట్లే వంగిపోయే నేల మీద ఇంకేం తోస్తుంది?

పైనుంచి దగ్గు వినిపించింది. డీర్క్ తల ఎత్తాడు. ఆ దగ్గు అతనికి తెలుసు.

"పైన ఎవరు?"

"క్వాస్టమ్మగారే. గంట ఊగకుండా గోనెలు కట్టడానికి ఎక్కారు. ఐదు నిమిషాల్లో దిగిపోతారు."

లారీ వెనకున్న తీగ చక్రం మరో పన్ను తిరిగింది. తీగ బిగిసి సన్నగా పాడింది. గోపురం అడుగున ఎక్కడో టక్కుమంది.

"ఆపమన్నానా," అన్నాడు డీర్క్. గొంతు పెద్దది చేయలేదు. అందుకేనేమో ల్యూర్స్ చెయ్యి ఎత్తాడు. డ్రైవరు చక్రం ఆపాడు.

"మెట్టా, అక్కడే ఉండు. ఆగ్నేయ మూలకు జరుగు. అడుగు తీసి అడుగు వెయ్యి."

పైన చెక్కల మీద నెమ్మదిగా బూట్ల చప్పుడు.

డీర్క్ బద్దలు చూపించాడు. మూరెడు మూరెడు పొడవు, అంచులు దారం లాగినంత సూటి. ఒకటి తెల్ల చెక్క, ఒకటి నల్ల చెక్క. తెల్లదాన్ని స్తంభం మొదట్లో అడ్డంగా ఆనించి కట్టాడు. నల్లదాన్ని నిచ్చెన ఎక్కి రెండు నిలువుల ఎత్తున కట్టాడు. దిగి ల్యూర్స్‌ను పిలిచాడు.

"ఇక్కడ కూర్చో. ఒక కన్ను మూసి, కింది బద్ద మీదుగా పై బద్ద చూడు. ఒరిగిన స్తంభమైతే రెండూ ఒకే వరసలో కనబడాలి."

ల్యూర్స్ తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని కన్ను మూశాడు. చాలాసేపు లేవలేదు.

"కత్తెరలా ఉన్నాయి," అన్నాడు చివరికి.

"ఆ. మా వడ్రంగుల విండ్‌షీఫ్ అది. ఒరగడం కాదు, మెలితిరగడం. బట్ట పిండినట్టు. ఆ మాటలో నీకు వినబడే విండ్ గాలి కాదు బాబూ, ‘విండెన్’, అంటే తిప్పడం. చెట్టు పచ్చిగా ఉన్నప్పుడే దాని నారలో మెలి ఉంటుంది. వందేళ్లకు బయటపడుతుంది." జేబులోంచి చాకు తీసి స్తంభం మొదట్లో మన్ను గీకాడు. స్తంభం అడుగున చెక్కిన నాలుక కింది దూలంలోని గాడి నుంచి సగం బయటికి తిరిగిపోయి ఉంది. బొటనవేలంత ఓక్ చెక్క మేకొకటి దాన్ని పట్టుకుని ఉంది. మేకు మీద కొత్త పగులు, తెల్లగా. "పక్కకు లాగితే ఇది తెగేది. తర్వాత పైనున్న మనిషి."

ల్యూర్స్ ముఖం పాలిపోయింది. "తీగ వదులు చెయ్యి," అన్నాడు డ్రైవరుతో. "మెల్లగా, దేవుడా, మెల్లగా." తర్వాత డీర్క్ వైపు తిరిగాడు. "మెలితిరిగింది అని రాస్తే మీ సొమ్మేం పోయింది క్వాస్ట్ గారూ?"

"ఆ మాటకు ఇంకో అర్థం ఎవరైనా తీస్తారని నాకు తోచలేదు."

అని, అక్కడే ఆగిపోయాడు.

ఆరేళ్ల క్రితం, భోజనాల బల్ల దగ్గర, తనే అన్నాడు. మన కాపురం విండ్‌షీఫ్ అయింది మెట్టా. ఆమె చెంచా కింద పెట్టేసింది. వారం తర్వాత పెట్టె సర్దుకుంది. ఆమెకూ అలాగే అనిపించింది కాబోలు, అందుకే వెళ్లిందని అతను అనుకున్నాడు. ఆమె ఏం విని ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఒరిగిపోయిన కొట్టం. కూలగొట్టడం తప్ప ఎందుకూ పనికిరానిది.

నిచ్చెన మీంచి మెట్టా దిగింది. ఒంటినిండా గోనె పీచు. ల్యూర్స్ చెయ్యి అందించబోతే వద్దంది.

"పైకి అన్నీ వినబడ్డాయి," అంది డీర్క్‌తో. "ఖాళీ పీపాలో ఉన్నట్టుంది, మాట మాటా వినబడింది."

"ఊఁ."

"మెలితిరిగిన పలకను మీ పనిలో ఏం చేస్తారు? పారేస్తారా?"

"పారెయ్యరు. తడిపి, మెలికి ఎదురుగా బరువు పెడతారు. రెండు చలికాలాలు పడుతుంది. పూర్తిగా రాదు."

"రెండు చలికాలాలు." ఆమె గోనె పీచు దులుపుకుంది. "అప్పుడే ఈ నాలుగు ముక్కలూ చెప్పుంటే పోయేది కదా, మొద్దు మనిషీ. నాకు అరవై తొమ్మిది." ఇంకేమీ అనకుండా తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సాయంత్రానికి గోపురం చుట్టూ తాడు కట్టారు. స్తంభం మార్చేదాకా, అంటే వచ్చే వేసవిదాకా, గంట కొట్టకూడదని ల్యూర్స్ బల్ల వేలాడదీశాడు.

మర్నాడు డీర్క్ అలవాటు కొద్దీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. రొట్టె, వెన్న, పొగబెట్టిన చేప. గడియారం పన్నెండు చూపించింది. ఏమీ మోగలేదు. తోటలో ఆపిళ్లు ఏరే యంత్రం ఆగి ఉంది. ఆమె ప్రాణం నిలిచింది, రోజుకోసారి వచ్చే ఆ ఒక్క పలకరింపూ ఆగింది. ఆపింది తనే. చేప ముల్లు తీస్తూ, ఇంత ఇల్లు ఇంత చప్పుడు లేకుండా ఇంతకాలం ఎలా ఉందా అని ఆశ్చర్యపోయాడు.

పన్నెండుంబావుకు తల ఎత్తాడు.

కాలువ అవతల చిన్న ఇంటి కిటికీ తెరిచి ఉంది. కిటికీ అంచు మీద తెల్లగా ఒకటి. దాని వెనక, గది లోపల కుర్చీ వీపు మీద నల్లగా ఇంకొకటి. అతని బద్దలే. నిన్న స్తంభానికి కట్టి మరిచిపోయి వచ్చాడు. ఎండ కోసం పెట్టిందో, తీసుకుపొమ్మని పెట్టిందో, ఇంకెందుకు పెట్టిందో.

డీర్క్ ఒక కన్ను మూసి చూశాడు. రెండూ ఒకే వరసలో ఉన్నాయా, కత్తెరలా ఉన్నాయా, ఇంత దూరం నుంచి తేలదు. దగ్గరికి వెళ్లి, కన్ను ఆ ఎత్తుకు దించి చూడాల్సిందే.

రొట్టె అలాగే వదిలేసి లేచాడు. ఈసారి చెప్పులు కాదు, బూట్లు వేసుకున్నాడు. రెండో బూటు తాడు ముడిపడడానికి చాలాసేపు పట్టింది.