ఎనిమిదో నంబరు గ్లవ్స్

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్న ప్రశ్న రాగానే బృందంలో అందరూ సిస్టర్ వైపే చూశారు. ఆమె ఇరవై ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్ నర్సు, పైగా సర్జన్‌కు సొంత చెల్లెలు. "మీరైతే మెత్తగా చెప్తారు," అన్నారు. మెత్తగా చెప్పడానికి అదేమన్నా మామూలు మాటా? ఏటా పరాయి దేశం వెళ్లి, గ్రహణం మొర్రి ఉన్న పిల్లలకు పది రోజులపాటు ఉచితంగా ఆపరేషన్లు చేసి వచ్చే అన్నయ్యకు, ఈసారి నువ్వు రావడం లేదని చెప్పాలి.

ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నడక తిరిగి వచ్చింది గానీ వేళ్లు రాలేదు. "ప్రయాణం నాటికి వచ్చేస్తాయే," అంటూ రోజూ రబ్బరు బంతి పిసుకుతాడు. పిసుకుతున్నాననుకుంటాడు. ఆ బంతి నొక్కుకోవడం చెల్లెలు ఒక్కసారీ చూడలేదు.

వారం రోజులైనా ఆమెకు నోరు పెగల్లేదు. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూనే మందుల పెట్టెలు మూడూ సర్దేసింది. మధ్యాహ్నం ఆయన కర్ర ఊతంగా సామాన్ల గదిలోకి వచ్చాడు. ఏ పెట్టెకైనా మూత వేసే ముందు, సర్దినవాళ్లు కాక ఇంకొకరు సరిచూసి జాబితా కింద సంతకం పెట్టాలి. ఆ నియమం ఆయన పెట్టిందే. పదిహేనేళ్లుగా ఆ ఇంకొకరు ఆయనే.

"చదవవే."

"కుట్లు వేసే దారం నలభై. గాజుగుడ్డ కట్టలు అరవై. గ్లవ్స్ ఆరున్నర నంబరువి, ఏడువి..." ఆమె గబగబా సిరంజిల్లోకి దూకింది. జాబితాల విషయంలో ఆయన్ని ఏమార్చాలనుకోవడం తాతకు దగ్గులు నేర్పడమే.

"ఆగు. ఎనిమిదివి ఏవి?"

బృందంలో ఎనిమిదో నంబరు ఆయనొక్కడిదే. "చేతులు కావురా అవి, చేటలు," అని అమ్మ నవ్వేది.

"వేరే పెట్టెలో ఉన్నాయన్నయ్యా."

అబద్ధం అతకలేదు. ఉన్న మూడు పెట్టెలూ తెరిచే ఉన్నాయి. ఆయన ఎడంచేత్తో ఒక్కొక్కటీ కెలికాడు. మూడోదాన్ని సగంలో వదిలేసి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. వారం కిందటే చెప్పి ఉంటే తోడబుట్టినదాని నోట వినేవాడు. ఇప్పుడు పెట్టెల్లో వెతుక్కుని తెలుసుకున్నాడు.

"ఎవరొస్తున్నారు?"

"కొత్త డాక్టరమ్మ."

"ఆరున్నరా?"

ఆమె తలూపింది.

"ఇంకో డబ్బా పెట్టు. మొదటిరోజు చేతులకి చెమటలు పట్టేస్తాయి. నాకూ పట్టేవి."

"నేనూ మానేస్తానన్నయ్యా."

"నోర్ముయ్. పెన్నివ్వు."

రాయబోతే కాగితం జారిపోతోంది. దాన్ని పట్టుకోవలసిన చెయ్యి ఆయన ఒళ్లో పడి ఉంది. ఆమె వంగి కాగితాన్ని అదిమి పట్టుకుంది. సంతకం ఒకటో తరగతి పిల్లాడి గీతల్లా వచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుని మూత అందుకుంది.

"ఉండు," అన్నాడాయన. జేబులోంచి రబ్బరు బంతి తీసి గాజుగుడ్డల మీద పెట్టాడు. "అక్కడ పిల్లలెవరైనా ఆడుకుంటారు. జాబితాలో ఎక్కించు. బంతి, ఒకటి."