పెద్దసారు పుస్తకమే పైన

కేటలాగు పని చూసే ఆవిడకు కడుపు రగిలిపోతోంది. లైబ్రరీలో కొత్తగా పెట్టిన ఏఐ సెర్చికి చదువు చెప్పింది ఆవిడే. పుస్తకం పేరు తెలియని పాఠకుడు "మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఏం చదవాలి?" అని కొడితే ఏది చూపించాలో, జనం అడిగే ప్రశ్నలన్నీ పోగేసి, ఒక్కోదానికీ తగిన పుస్తకం జతచేసి, కళ్లు మసకలు కమ్మేదాకా నేర్పింది. తీరా దాని ప్రారంభోత్సవం ఆహ్వానపత్రం మీద లైబ్రరీ పెద్దసారు తన పేరొక్కటే వేయించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది!

అడిగితే, "నువ్వు చేసింది టైపింగేగా అమ్మా," అన్నాడు.

పైగా ఇంకో హుకుం. తన జీవితం మీద తానే రాసుకున్న పుస్తకం ఒకటుంది ఆయనకి. అచ్చయిననాటి నుంచి దాని అట్ట నలిగిన పాపాన పోలేదు.

"ప్రారంభం రోజు ఎవరేం అడిగినా నా పుస్తకమే పైన రావాలి."

"ఏం అడిగినా వచ్చెయ్యాలా సార్?"

"ఒకసారి చెప్తే అర్థం కాదా? ఏం అడిగినా!"

జనం ఏమేం అడుగుతారో ఆయనకేం తెలుసు! ఇంటికెళ్లి అక్కతో, "రోట్లో తల తనే పెట్టాడక్కా," అంది.

"ఉద్యోగం ఊడుతుందే, జాగ్రత్త."

"ఊడితే ఊడనీ. వాడి పరువు పోవడం నా కళ్లారా చూడాలి."

ఆ రోజు హాలు కిటకిటలాడింది. "దీనికి ప్రతి మాటా నేనే నేర్పాను, ఇంకెవరి చెయ్యీ పడలేదు," అని పెద్దసారు మైకులో కోతలు కోశాడు. లైబ్రరీ కమిటీ అధ్యక్షురాలు ముచ్చటపడి "నిద్ర పట్టడం లేదు" అని కొట్టింది. గోడ మీది తెరపై మొట్టమొదట పెద్దసారు పుస్తకం! జనం కిసుక్కుమన్నారు. "గొప్పలు చెప్పుకునేవాళ్లతో వేగడం ఎలా" అని కొట్టింది. మళ్లీ అదే. "కడుపులో పురుగులు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అదీ కొట్టింది. అదే పుస్తకం.

పెద్దసారు మొహం కందగడ్డయింది. "నాకేం సంబంధం లేదండీ! నేను దీన్ని ముట్టుకోనేలేదు! మొత్తం నేర్పింది ఈవిడే!"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"నిజమేనామ్మా?" అంది అధ్యక్షురాలు.

"నిజమేనండీ. అన్నిటికీ ఆ పుస్తకమే రావాలన్నది మాత్రం సారు హుకుం. అదొక్కటీ తీసేస్తే సెర్చి చక్కగా పనిచేస్తుంది." ఆవిడ పెద్దసారు కళ్లలోకి చూసింది. "తీసెయ్యమంటారా సార్?"

"తీసెయ్," అని గొణిగాడు.

ఆవిడ మైకు ఆయన నోటి దగ్గరకు జరిపింది. "గట్టిగా చెప్పండి సార్. వెనకవాళ్లకి వినపళ్లేదు."