కాకిగుత్తి

తండ్రి ద్రాక్షతోట పంచుకున్నప్పుడు వాలుకు పైసగం అక్కకూ, కిందిసగం తమ్ముడికీ వచ్చింది. మధ్యలో కంచె కూడా వేసుకోలేదు. తమ్ముడు అందరూ వేసే రకాలే వేసి, కాయ కోయగానే కంపెనీకి తోలేసేవాడు. అక్కది వేరే పిచ్చి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పండి, ఇప్పుడు పేరు కూడా మిగలని ద్రాక్షలను వెతికి తెచ్చి వాటితో వైన్ చేయాలని ఆమె పట్టుదల. కాళ్లకు బలపం కట్టుకుని పాడుబడ్డ పెరళ్లన్నీ తిరిగేది.

“తప్పిపోయిన మనుషుల కోసం కూడా ఎవరూ ఇంత తిరగరే” అని తమ్ముడు నవ్వేవాడు.

అన్నిటికంటే ఆమెకు కావలసింది కాకిగుత్తి. చిన్న నల్లటి కాయలు, మందపాటి తొక్క, పిండితే సిరాలా దిగే రసం. దాని గురించి విన్నవాళ్లున్నారు గాని చూసినవాళ్లు లేరు. చివరికి అది ఊరి మధ్యలోనే, పీపాలు చేసే ఆయన పాత షెడ్డు వెనకగోడ మీద కనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

“నాలుగు కొమ్మలు కోసుకుంటాను మామ్మగారూ.”

“వద్దమ్మా.”

“ఎందుకని?”

“ఎందుకో నాకూ తెలీదు. మాకు తోట ఉండేది. అందులో ఆరు వరసలు ఇదే రకం. ఒక ఏడు ఆయనే గడ్డపార పట్టి మొత్తం పెరికి తగలబెట్టారు. అరచేతులు బొబ్బలెక్కాయి. అడిగితే నోరు విప్పలేదు. దీన్నొక్కదాన్నే వదిలారు. దీని పక్కన ఇంకేదీ లేదుగా, ఉండనీ అన్నారు.”

“అప్పట్లో గిరాకీ తగ్గి ఉంటుంది లెండి.”

“గిరాకీ తగ్గితే అమ్మడం మానేస్తారు. తగలబెట్టరు కదమ్మా.”

అక్క ఆ మాట చెవిన పెట్టలేదు. మూడోసారి వెళ్లి బతిమాలాక ముసలామె కత్తెర తెచ్చి చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తన తోట కింది అంచున ఉన్న పాత మొదళ్లకు అంటు కట్టింది అక్క. కట్టినవన్నీ బతికాయి. మూడో ఏటికి కాపు. ఆ వైన్ రుచి చూసినవాళ్లు గ్లాసు మళ్లీ ముందుకు చాపారు. ఎనిమిది మంది రైతులు కొమ్మలడిగారు. తడిగోనెలో చుట్టి అందరికీ ఇచ్చింది. “దాచుకుంటే ఇది మళ్లీ పోతుంది. మీరూ పెంచండి” అంది.

ఆ మరుసటి ఏడు, ఎండలు ఇంకా ముదరకముందే, తమ్ముడి పై వరసలో ఆకులు ఎర్రబడ్డాయి. అంచులు కిందికి చుట్టుకున్నాయి. నీరు చాలలేదనుకుని తమ్ముడు నీరు పెట్టాడు. వారం తిరిగేసరికి రెండో వరస, తర్వాత మూడోది. కాయ ఎంతకీ తీపెక్కలేదు. అక్క రోజూ పైనుంచి చూసేది. తన కాకిగుత్తి మాత్రం పచ్చగా నవనవలాడుతోంది. అదే ఆమెకు అనుమానం తెచ్చింది. మొదలు దగ్గర బెరడు ఒలిచి చూస్తే తెల్లగా పిండినల్లి పురుగులు. వాటి చుట్టూ చీమలు, ఆ పురుగులను మోసుకుంటూ, బారులు తీరి, కిందివైపుకు.

పీపాల ఆయన ఎందుకు తగలబెట్టాడో అప్పుడు ఆమెకు తట్టింది.

తెగుళ్ల డాక్టరు రెండు తోటల ఆకులూ తీసుకెళ్లి పది రోజులకు వచ్చాడు.

“రెండింట్లోనూ ఒకటే వైరస్సండీ. మీ రకానికి ఏమీ కాదు. ఊరికే మోస్తుంది. పురుగు దాన్ని పక్కవాటికి ఎక్కిస్తుంది.”

“మందు?”

“లేదు. పీకి తగలబెట్టడమే.”

తమ్ముడు వరసల మధ్య వంగి ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“అది దానంతటది వచ్చిందా, నువ్వు తెచ్చావా?”

“నేనే తెచ్చానురా.”

అతను షెడ్డులోకి వెళ్లి రెండు గడ్డపారలు తెచ్చి, ఒకటి ఆమె చేతికిచ్చాడు. ఎనిమిది రోజులు ఇద్దరూ పక్కపక్కనే పెరికారు. ఆ ఎనిమిది రోజుల్లో అతను ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. తిడితే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

సాయంత్రాలు ఆమె ఫోన్లు చేసింది. కొమ్మలు తీసుకున్నవాళ్లలో ఏడుగురు పీకేస్తామన్నారు. ఒకాయన ఏడ్చాడు. ఎనిమిదో ఆయన, రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఫోను ఎత్తలేదు. ఆమె కారేసుకుని వెళ్లింది.

మాస్టారు ఆమెను చూసి సంబరపడ్డాడు. “మీ పేరు నిలబెట్టానమ్మా. నా ఒక్కడి దగ్గరే ఉంటే ఏం లాభమని నర్సరీకి ఇచ్చాను. వాళ్లు వేలల్లో పెంచుతున్నారు.”

ఆ నర్సరీ ఎక్కడో మాత్రం అడిగి, ఆమె వెనక్కి తిరిగి కారెక్కింది.

నర్సరీ రోడ్డు పక్కనే ఉంది. నీడ వల కింద మనిషెవరూ లేరు. తట్టలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టి ఉన్నాయి, ఖాళీగా. నీళ్ల పైపు చుడుతూ యజమాని ఎదురొచ్చాడు.

“కాకిగుత్తి కావాలా? అయ్యో, కిందటి వారమే అయిపోయాయండీ. మూడు లారీలు.”

“ఎటు వెళ్లాయి?”

“ఎటని చెప్పను? అన్ని వైపులకీ” అన్నాడతను, ఇంకా నవ్వుతూనే. “కూర్చోండి. వచ్చే ఏటికి మీ పేరు రాసుకోమంటారా?”