కుడివైపు పీట

నూనె గిన్నెలో చిటికెన వేలు ముంచి మణికట్టు లోపలివైపు రాసుకున్నాడు. వేడి సరిపోయింది. వాసన చూశాడు. అది మాత్రం సరిపోలేదు. గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో వంచాడు. నిన్నటికంటే పలచగా జారుతున్నట్టు అనిపించింది. నిన్న కూడా మొన్నటికంటే అలాగే అనిపించింది.

"ఇందులో ఏం కలిపావమ్మా?" అని గోడ అవతల కొట్టుగదిలో మందులు నూరే ఆవిడను అడిగాడు.

"నా కన్నీళ్ళు కలిపాను," అంది ఆవిడ తల ఎత్తకుండా. "రోజూ ఇదే ప్రశ్న. మీకు జవాబు చెప్పీ చెప్పీ పలచబడింది నేను, నూనె కాదు."

అతను నవ్వలేదు. అంత గడుసుగా జవాబు చెప్పే మనిషి ఏదో దాస్తోందని అతని నమ్మకం.

నడుము నొప్పులకూ, పట్టేసిన భుజాలకూ, పడిపోయిన కాళ్ళూ చేతులకూ మర్దనతో వైద్యం చేసే చోటది. ముందు గదిలో డాక్టరు కూర్చుంటాడు. మోకాలు నొప్పని వచ్చినవాడిని నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఇంట్లో ఎవరితోనైనా మాటలు మానేశావా అని అడుగుతాడు. మనిషిని ముక్కలు చేసి చూడకూడదని ఆయన పద్ధతి. ముందు తిండి మారుస్తాడు, పడుకునే వేళ మారుస్తాడు, ఆ తర్వాతే నూనె గదికి పంపుతాడు. ఆ గదిలో ఒకే మాను తొలిచి చేసిన బల్ల. బల్లకు అటొకడు, ఇటొకడు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి వెయ్యాలి, ఒకేసారి లాగాలి. కళ్ళు మూసుకుని పడుకున్నవాడికి నాలుగు చేతులూ ఒక్కడివే అనిపించాలి. అదీ పని.

కుడివైపు ఇతను. ఇరవై రెండేళ్ళుగా కుడివైపే. అందరూ కుడాయన అంటారు. ఎడమవైపు ఇతని బావమరిది, భార్యకు సొంత తమ్ముడు. ఎడమాయన. అంతకుముందు కుడాయన రొట్టెల భట్టీలో పిండి పిసికేవాడు. ఆ చేతులు చూసి ఇప్పటి డాక్టరు తండ్రి పిలిచి పని నేర్పాడు. జోడీకి ఇంకో మనిషి కావాలంటే బావమరిదిని తనే తీసుకొచ్చాడు. బయటివాణ్ణి నమ్మలేక.

కుడాయన పొట్టి, ఎడమాయన పొడుగు. బల్ల పొడుగువాళ్ళకు చేసినది. అందుకని కుడాయన ఒక కర్ర పీట ఎక్కి నిలబడతాడు. ఇన్నేళ్ళకు ఆ పీట మీద రెండు పాదాల గుంటలు పడ్డాయి. అతని కుడి పాదం బొటనవేలు కొంచెం బయటికి తిరిగి ఉంటుంది, గుంట కూడా అలాగే తిరిగి ఉంది. చెమ్మకు పీట కాలు ఒకటి కొస పుచ్చిపోయి, నిరుడంతా టకటకమంటూ ఆడింది. సోమవారం నుంచి ఆడడం లేదు.

సోమవారం పొద్దున ఎడమాయన ఒక కవరు తెచ్చి చేతిలో పెట్టాడు.

"డాక్టరు గారు ఇమ్మన్నారు బావా. చదివించుకుని, అందులో రాసినట్టు చెయ్యమన్నారు."

"నీకు తెలుసా అందులో ఏముందో?"

"అంటించి ఇచ్చారు కదా, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు ఎడమాయన. అంటూ కిందికి చూశాడు.

ఆ చూపు చాలు కుడాయనకు. రెండేళ్ళ కిందట వంటగదిలో గంజి కాచే ముసలామెకు ఇలాంటి కవరే ఇచ్చారు. అదీ అంటించినదే. మర్నాటి నుంచి ఆమె రాలేదు. కవరు విప్పితే విషయం తెలిసినట్టు. తెలిశాక వెళ్ళక తప్పదు. విప్పకపోతే ఎవరూ ఏమీ అనలేరు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పీట కాలి కింద, పుచ్చులోకి బిగిసేలా దూర్చాడు. పీట స్థిరంగా నిలబడింది. ఆ కాగితానికి అంతకంటే మంచి చోటు లేదనుకున్నాడు.

అతని లెక్క అతనికుంది. మూడు నెలలుగా బావమరిది చెయ్యి తేలిపోతోంది. మధ్యలో మనిషి ఒళ్ళున్నా అవతలి చేతి బరువు ఇవతలి చేతికి తెలుస్తుంది, అది ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలిసే సంగతి. ఎడమ పక్క తేలికైతే కుడి పక్క మొరటుగా అనిపిస్తుంది. పడుకున్నవాడు కుడివైపు నొప్పంటాడు. డాక్టరు కుడివాణ్ణి మారుస్తాడు. ఎడమాయన అల్లుడు ఆర్నెల్లుగా పని లేకుండా ఇంట్లో ఉన్నాడు. వాడు పొడుగు కూడానూ. పీట అక్కర్లేదు. పైగా ఈ వారంలోనే ఎడమాయన మూడుసార్లు డాక్టరు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

ఈ మాటే ఇవాళ పొద్దున ఇంట్లో అన్నాడు.

"మీ తమ్ముడి వాలకం బాగాలేదే."

"మీకెవరి వాలకం బాగుంది గనక?" అంది భార్య టిఫిను డబ్బాకు గుడ్డ కడుతూ. "పెళ్ళయిన కొత్తలో నేను నిద్రలో నవ్వితే తట్టి లేపి, ఎందుకు నవ్వావని అడిగారు. ఇప్పటికీ చెప్పలేదని సాధిస్తారు."

"ఎందుకు నవ్వావు మరి?"

"వెళ్ళండి బాబూ, ఆలస్యమవుతుంది." ఆగి, "మెట్ల మీద మళ్ళీ కూర్చుండిపోయారట కదా నిన్న," అంది.

"ఎవడు చెప్పాడు?"

ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలో నిలబడే ఉంది. అలా ఎందుకు నిలబడిందా అని దారంతా ఆలోచించాడు.

మెట్ల మీద కూర్చున్న మాట నిజమే. ఎడం చేతి వేళ్ళు ఈ మధ్య తిమ్మిరెక్కుతున్నాయి. నాలుగు మెట్లెక్కితే గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంటోంది. నూనె పలచనై చేతికి పట్టు దొరకడం లేదు, అందుకే ఎక్కువ శ్రమ పడాల్సి వస్తోంది. అలా తనకు తనే చెప్పుకున్నాడు.

నూనె గిన్నె బల్ల దగ్గర పెడుతుండగా డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. కుర్రవాడు. తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటాడు గానీ తండ్రిలా కేకలెయ్యడు. కేకలెయ్యని మనిషిని కుడాయన ఎప్పుడూ నమ్మలేదు.

"పెద్దాయనా, ఉత్తరం చదివించుకున్నారా?"

"ఆఁ, చదివించుకున్నానండి."

"మరి ఎప్పుడు వెళ్తారు?"

"చూద్దాం లెండి."

"చూద్దాం కాదు, రేపే వెళ్ళాలి. అప్పటిదాకా బరువు పని వద్దు. ఏదీ, ఓసారి చెయ్యి ఇలా ఇవ్వండి, నాడి చూస్తాను."

"నూనె చేతులండి," అని కుడాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నాడి చూసి ముసలివాడివయ్యావని చెప్పి ఇంటికి పంపడం ఎంతసేపు? "డ్రైవరు గారు వచ్చేశారండి. ఆయనకు జోడీ తప్పితే సరిపడదు."

డాక్టరు ఏదో అనబోయాడు. అంతలో ముందు గదిలో ఎవరో పిలిచారు. "ఈ ఒక్కరితో ఆపెయ్యండి. అయ్యాక నా దగ్గరికి రండి," అని వెళ్ళిపోయాడు.

ఈ ఒక్కరితో ఆపెయ్యండి. కుడాయన ఆ మాటను నోట్లో రాయి పెట్టుకున్నట్టు పెట్టుకుని పీట ఎక్కాడు.

బస్సు డ్రైవరు బల్ల మీద బోర్లా పడుకున్నాడు. ముప్పై ఏళ్ళు సీటులో కూర్చుని నడుము బిగుసుకుపోయిన మనిషి. పద్నాలుగు రోజులుగా వస్తున్నాడు.

"నిన్న రాత్రి హాయిగా నిద్రపోయానండి. మా ఆవిడ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట," అన్నాడు.

"మాట్లాడకండి, వీపు కదులుతుంది," అన్నాడు కుడాయన.

నాలుగు చేతులూ భుజాల మీద పడ్డాయి. ఒంటికి ఏడు వరసలు. భుజం నుంచి నడుముకు, నడుము నుంచి మడమకు. మొదటి వరసలోనే కుడాయనకు అవతలి చెయ్యి తేలికగా తగిలింది. రెండోదీ అంతే. ఇవాళ తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాడు. వీడి గుట్టు డ్రైవరు నోటితోనే బయటపెట్టించాలి. మూడో వరసకు పీట మీద పాదాలు ఊని, భట్టీలో మణుగు పిండిని పిసికే రోజుల్లోలాగా ఒంట్లో ఉన్న బలమంతా అరచేతుల్లోకి తెచ్చి నొక్కాడు. చెమట కంట్లోకి దిగింది. ఇప్పుడంటాడు, కుడివైపు ఎక్కువైంది, ఎడమవైపు చెయ్యే తగల్లేదని.

డ్రైవరు ఏమీ అనలేదు. అవతలి చెయ్యి కూడా లేచింది. ఇతను ఎంత నొక్కితే అంత, ఒక్క వీసం తేడా లేకుండా. కుడాయన తల ఎత్తి చూశాడు. ఎడమాయన వీపు కేసి చూస్తున్నాడు తప్ప ఇటు చూడడం లేదు. నాలుగో వరసకు కుడాయనకు ఊపిరి అందక చెయ్యి జారింది. అవతలి చెయ్యి కూడా అంతే జారింది.

"ఇవాళ ఒక్కరే చేస్తున్నారేంటండీ?" అన్నాడు డ్రైవరు నిద్రమత్తులో.

ఆ గదిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు. కుడాయనకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

డ్రైవరు వేణ్ణీళ్ళ స్నానానికి వెళ్ళగానే బావమరిదికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఒరేయ్, అంత బలం ఉంచుకుని మూడు నెలలుగా దొంగాటలు ఎందుకాడుతున్నావురా?"

"దొంగాటేంటి బావా?"

"తేలిక చెయ్యి వేశావా లేదా?"

ఎడమాయన గుడ్డతో బల్ల అంచు తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "నువ్వెంత వేస్తే నేనంత వేశాను బావా. జోడీ అంటే అంతేగా, నువ్వు నేర్పిందే."

కుడాయన అరచేతులకేసి చూసుకున్నాడు. "డాక్టరుకి చెప్పింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"అనుకున్నాను!" అన్నాడు కుడాయన. కనీసం ఒక అనుమానమైనా నిజమైనందుకు అతని మొహంలో కొంచెం వెలుగొచ్చింది. "నీ అల్లుడి కోసమేగా?"

"వాడా? వాడికి నూనె వాసనకే తల తిరుగుతుంది బావా. వాడెందుకు మధ్యలో?" ఎడమాయన దగ్గరికొచ్చాడు. "మొహమంతా పాలిపోయింది. కాసేపు ఒరుగు. డాక్టరు గారిని పిలుస్తాను."

"పిలవకు. పిలిచావంటే మాటల్లేవు మన మధ్య." కుడాయన చొక్కా విప్పాడు. "ఇరవై రెండేళ్ళలో నీ చెయ్యి నేను వేరేవాడి ఒంట్లోంచి చూడడమే గానీ నా ఒంటి మీద చూడలేదు. పడుకుంటా. రుద్దు. నీ చెయ్యి అసలు ఎంతో నేనే తేలుస్తా."

ఎడమాయన డాక్టరు గది వైపు గుమ్మంకేసి చూశాడు, బావ మొహంకేసి చూశాడు. మర్దన చెయ్యబోవడం లేదు, ఊరికే నూనె రాసి, ఊపిరి కుదుటపడ్డాక తనే లాక్కెళ్ళి డాక్టరు ముందు నిలబెడదామనుకున్నాడు.

కుడాయన బల్ల మీద బోర్లా పడుకున్నాడు. బల్ల ఇంత వెచ్చగా ఉంటుందని అతనికి తెలియదు. ఎన్ని వేలమందిని దీని మీద పడుకోబెట్టాడో, ఒక్కడూ ఆ మాట చెప్పలేదు.

ఎడమాయన చెయ్యి పడింది. పిల్లి నడిచినట్టు మెత్తగా.

"ఒకటి," అన్నాడు కుడాయన.

"లెక్కపెడుతున్నావా?"

"నువ్వు ఎగ్గొడతావని. రెండు."

ఎడమవైపు ఏడూ అయ్యాయి. ఎడమాయన బల్ల చుట్టూ తిరిగి కుడివైపు వచ్చాడు. పీటను కాలితో జరిపి, పక్కన నేల మీద నిలబడ్డాడు.

"పీట జరిపావు," అన్నాడు కుడాయన కళ్ళు తెరవకుండా. "దాని చోట దాన్ని పెట్టు. కాలి కింద కాగితం ఉంటుంది, ఊడకుండా."

"పెడతాలే బావా."

"ఒకటి," అన్నాడు. "రెండు." మూడు కొంచెం ఆలస్యంగా అన్నాడు. నాలుగు నిద్రలో అన్నట్టు అన్నాడు. ఐదు పెదవులే అన్నాయి.

ఆరో వరస నడుము దాకా రాకముందే ఎడమాయన చెయ్యి ఆగిపోయింది. ఎవరూ చెప్పక్కర్లేదు. చేతికి తెలిసింది.

అతని కేక విని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. వెల్లకిలా తిప్పి ఛాతీ మీద రెండు చేతులూ వేసి చాలాసేపు నొక్కాడు. చెమటతో తడిసిపోయి చివరికి ఆగాడు. "గుండె పరీక్షకు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాను కదా, చదివించుకున్నానని చెప్పారు కదా..." అని అదే మాట రెండుసార్లు, ఎవరితోనూ కాకుండా అన్నాడు. కొట్టుగది ఆవిడ గుమ్మంలో నిలబడి చేతిలో గరిటె ఉన్న సంగతి మర్చిపోయింది. అక్కకు కబురు పంపడానికి ఎవరో వెళ్ళారు. డాక్టరు ఫోను చెయ్యడానికి ముందు గదిలోకి నడిచాడు.

గదిలో ఎడమాయన ఒక్కడే మిగిలాడు. బావను మెల్లగా మళ్ళీ బోర్లా తిప్పాడు. పీటను కాగితం ఊడకుండా దాని చోటికి జరిపాడు. ఎందుకో నేల మీద నిలబడ బుద్ధి కాలేదు. పీట ఎక్కాడు. ఆ ఎత్తు అతనికి ఎక్కువైంది, బాగా వంగాల్సి వచ్చింది. మిగిలిన రెండు వరసలూ నిదానంగా, భుజం నుంచి మడమ దాకా రుద్దాడు. "ఆరు," అన్నాడు. "ఏడు." ఎగ్గొట్టానన్న మాట ఉండకూడదు.

పీట ఆడలేదు. ఏ చిత్తు కాగితమో దూర్చి బావ బాగు చేసుకున్నట్టున్నాడు అనుకుని దిగి, బయటికి వెళ్ళాడు.

బల్ల అంచు నుంచి నూనె బొట్టు బొట్టుగా పీట మీదికి జారి, బొటనవేలు బయటికి తిరిగిన గుంటలో నిలిచి, అక్కడి నుంచి కాలి వెంట దిగి, కింద నాలుగు మడతల కవరులోకి ఇంకుతోంది; అంటించిన అంచు అంటించినట్టే ఉంది.