గొట్టం నిండే మందు

మర పిడి కిందికి లాగితే తుపాకి మందు జారాలి. జారలేదు. వెర్లిన్ మర నెత్తిన వేలితో రెండు మొట్టికాయలు వేశాడు. అప్పుడు జారింది గాని, త్రాసులో పోసి చూస్తే సగమే ఉంది. మళ్ళీ లాగితే ఇందాక ఆగిపోయిన సగమూ, ఇప్పటి వంతూ కలిసి దిగాయి. మర కింద పెట్టిన ఇత్తడి తూటా గొట్టాన్ని తిరిగి మందు డబ్బాలోకి వంపేశాడు. పొద్దున్నుంచీ ఇదే పని.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకే మందు వాడిన మనిషి. అది గబుక్కున మండే రకం. రివాల్వర్ తూటాకి చిటికెడు చాలు. గొట్టంలో పోస్తే అడుగున ఎక్కడుందో కంటికి ఆనదు. ఒక్క డబ్బా కొంటే ఏడాది గడిచేది. ఇప్పుడు తెచ్చింది నెమ్మదిగా మండే రకం. రేకులు పెద్దవి, మర గొంతులో అడ్డం పడతాయి.

ఈ మార్పు తను కోరుకున్నది కాదు. ఆర్లో వల్ల వచ్చింది.

ఐడహోలో వాళ్ళుండే వైపు, తుపాకులు కాల్చే రేంజిలన్నిట్లో ఒక పద్ధతి ఉంది. ఎవడు నింపుకున్న తూటా వాడే కాల్చుకుంటాడు. ఇంకొకడు నింపింది, సొంత తమ్ముడైనా సరే, తన తుపాకిలో పెట్టడు. ఆర్లో ఒక్కడే ఆ పద్ధతి పక్కన పెట్టి ఇరవై ఆరేళ్ళు వెర్లిన్ నింపినవే కాల్చాడు. సీసం కరిగించి గుండ్లు పోసేది ఆర్లో, తూటాలు నింపేది వెర్లిన్. ఏటా మే నెల మొదటి శనివారం క్లబ్బులో జంటల పోటీ. ఇద్దరూ ఒకే తూటాల డబ్బాలోంచి తీసుకుని కాల్చేవాళ్ళు.

పోయిన అక్టోబరులో ఆర్లో చేతిలో రివాల్వర్ పేలిపోయింది. గుండ్ల చక్రం పైసగం ఎగిరి రేంజి పైకప్పు రేకులకి తగిలింది. ఆర్లో బొటనవేలికి ఏడు కుట్లు పడ్డాయి. తూటా గొట్టం పాతది, ఇత్తడి అలిసిపోయి చీలింది అని వెర్లిన్ అక్కడికక్కడే తేల్చేశాడు. ఆ తర్వాత క్లబ్బులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాడు. ఆర్లో అవునూ అనలేదు, కాదూ అనలేదు. మంగళవారాలు కాఫీకి రావడం మానలేదు. రేంజికి మాత్రం కొట్లో కొన్న తూటాలు తెచ్చుకునేవాడు.

ఫిబ్రవరిలో వెర్లిన్ ఉండబట్టలేక అడిగేశాడు.

"పోటీకి మన డబ్బా నింపనా?"

"ఏ మందుతో?"

"ఎప్పుడూ వాడేదే."

ఆర్లో కాఫీ కప్పుని బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "అది వద్దురా. నెమ్మదిగా మండేది పట్రా. గొట్టం సగం దాటి నిండుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పైనుంచి పొర్లిపోతుంది."

"నేను రెండుసార్లు పోశానంటావు."

"నేనేం అనట్లేదు. మందు సంగతి చెబుతున్నా."

"లెక్క తెలీనివాళ్ళు వాడే మందన్నమాట."

"అడుగుతోంది నేను కాదు, నా బొటనవేలు," అన్నాడు ఆర్లో. "అది ఒప్పుకుంటే నేను కాలుస్తా. లేకపోతే ఈ ఏడు నువ్వు వేరే జోడీ చూసుకో."

వేరే జోడీ ఎవరున్నారు? వెర్లిన్ రెండు వారాలు మొహం ముడుచుకుని తిరిగి, చివరికి తుపాకి సామాన్లమ్మే కొరిన్ కొట్టుకి వెళ్ళి ఆ డబ్బా తెచ్చాడు. తూటాలు నింపే పుస్తకంలో తక్కువ కొలత, ఎక్కువ కొలత అని రెండు వేసి ఉంటాయనీ, తక్కువ దానికంటే కిందికి దిగొద్దనీ కొరిన్ చెప్పింది. వెర్లిన్ తల ఊపాడు. ఇంటికొచ్చి దానికంటే కిందికే దిగాడు.

మొదటి పది తూటాలూ రేంజికి పట్టుకెళ్ళి కాల్చాడు. ఉఫ్‌మని ఊదినట్టు పేలాయి. గుండ్లు గురికి జానెడు కింద తగిలాయి. చెయ్యంతా మసి. మండని రేకులు తుపాకి నిండా రాలి చక్రం కింద ఇరుక్కున్నాయి. చక్రం తిరగనని మొరాయించింది. పళ్ళు తోముకునే బ్రష్షుతో గీకుతూ కూచున్నాడు. పక్క బల్ల దగ్గర కుర్రజంట ఒకటి తన వైపు చూసి చూడనట్టు తల తిప్పుకుంది. దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

"మసి పులుముకుని వచ్చావేం? పొయ్యిలో దూరావా?" అంది నోర్మా, గుమ్మంలోనే. వెర్లిన్ భార్య. బీన్సు పళ్ళెంలో పెట్టింది. వెర్లిన్ చేతులు కడుక్కుని తినడానికి కూచున్నాడు.

మర్నాడు డబ్బా తిరిగిచ్చేద్దామని కొరిన్ దగ్గరికి వెళ్ళాడు. విప్పిన మందు వెనక్కి తీసుకోనంది.

"ఎంత పోశావు పెద్దాయనా?"

చెప్పాడు.

"పుస్తకంలో దానికన్నా అంత తక్కువ ఎందుకు పోశావు?"

వెర్లిన్ గోడమీద వేలాడుతున్న చేపల గాలాలు చూస్తూ నిలబడ్డాడు.

"ఇది మెల్లిగా అంటుకునే సరుకు. పైన బరువైన గుండు కూచోవాలి, గొట్టం మూతి గట్టిగా నొక్కాలి. అప్పుడు లోపల బిగువు పుట్టి మొత్తం మండుతుంది. భయపడి తగ్గిస్తే సగం పచ్చిగా మిగులుతుంది."

"భయమేంటి."

"సరే, భయం కాదు. జలుబు చేసింది నీకు. ఆ కొలత మాత్రం పెంచు."

మూడు రోజుల తర్వాత గుమ్మం మెట్ల మీద కాఫీ డబ్బా ఒకటి కనబడింది. ఎత్తబోతే చెయ్యి లాగింది. లోపల బరువైన సీసం గుండ్లు, కొత్తగా పోసినవి, ఆర్లో అచ్చులోవి. చీటీ లేదు. కొరిన్ నోరు ఊరుకోలేదన్నమాట. ఊరు మొత్తానికి తన చేతకానితనం తెలిసిపోయిందని వెర్లిన్ ఆ డబ్బాని ఓ తన్ను తన్ని, మళ్ళీ గుండ్లన్నీ వంగి వంగి ఏరుకున్నాడు.

కొలతా పుస్తకంలో ఉన్నంతకి పెంచాడు. పోటీ ఇంక తొమ్మిది రోజులుందనగా, ఇదిగో, మర ఇలా మొరాయిస్తోంది. బట్టలారబెట్టే యంత్రంలో నోర్మా వేసే పూలవాసన గుడ్డ తెచ్చి మర లోపల తుడిచాడు. రేకులు గోడకి అంటుకోవడం తగ్గింది. పిడి లాగినప్పుడల్లా రెండు మొట్టికాయలు వేస్తే వంతు సరిగ్గా దిగుతోంది. లాగు, కొట్టు, కొట్టు. చెక్కపలక బొక్కల్లో యాభై గొట్టాలు నిలబెట్టి వరసగా పోసుకుంటూ వచ్చాడు. పది దాటాయి, ఇరవై దాటాయి. ఆ రోజు మొదటిసారి భుజాలు కాస్త వదులయ్యాయి.

"వెర్లిన్, కుక్క తలుపు గీరేస్తోంది, లోపలికి రానీ," అని నోర్మా వంటింట్లోంచి కేకేసింది.

లేచాడు. కుక్కకి కాళ్ళు తుడిచాడు. వచ్చి కూచున్నాడు. మర కింద ఉన్న గొట్టంలోకి పిడి లాగి రెండు కొట్టాడు.

మందు గొట్టం మూతిలోంచి పైకి ఉబికింది. అంచు దాటి వేళ్ళ మీదికి, పలక మీదికి, బల్ల మీదికి రాలింది.

వెర్లిన్ పిడి వదల్లేదు. ఈ గొట్టంలో ఇంకా పోయలేదని ఒట్టేసి చెప్పగలిగేవాడు, క్షణం క్రితం వరకూ. పాత మందయితే రెండు వంతులూ గొట్టంలో నిమ్మళంగా దాక్కునేవి. పైన గుండు నొక్కేసేవాడు. డబ్బాలో సర్దేసేవాడు.

పోయిన సెప్టెంబరులో పైకప్పు రేకులు చూడ్డానికి మనిషొచ్చాడు. అప్పుడూ ఇలాగే సగంలో లేచాడు, నిచ్చెన పట్టుకున్నాడు, తిరిగొచ్చి కూచున్నాడు. అక్టోబరులో పేలింది ఆ రోజు నింపిన డబ్బాలోదే. ఇత్తడికేం కాలేదు.

బల్ల మూల చిన్న చీపురుంది. చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ చూడలేదు. ఒక్క ఊడ్పు చాలు, డబ్బా నింపి మంగళవారం తలెత్తుకుని ఆర్లో చేతిలో పెట్టొచ్చు. మందు మీద కోపమొచ్చింది. ఆర్లో మీదా వచ్చింది, ఫిబ్రవరిలోనే సరిగ్గా చెప్పినందుకు. చీపురు విసిరేసి ఫోను దగ్గరికి వెళ్ళాడు.

ఆర్లో ఇరవై నిమిషాల్లో వచ్చాడు. బల్ల మీద కుప్పని వంగి చూశాడు.

"ఎన్నోది?"

"ఇరవై ఆరోది."

"ఫోనొచ్చిందా?"

"కుక్క."

"ముందుసారి?"

"రేకుల మనిషి." వెర్లిన్ వేళ్ళ మీది మందు దులుపుకున్నాడు. "ఇత్తడి బానే ఉందిరా. నేనే."

ఆర్లో తన బొటనవేలి మచ్చ వైపు చూసుకున్నాడు.

"ఆర్నెల్లు ఆ ఇత్తడిని ఆడిపోసుకున్నావు."

"అవును."

"క్లబ్బులో అందరి ముందూ."

"వాళ్ళకీ చెబుతాను."

"చెప్పు మరి." ఆర్లో పీట లాక్కుని కూచున్నాడు. మేకుకి వేలాడుతున్న టార్చిలైటు తీసి నొక్కి చూశాడు. "మొత్తం వంపేసి మొదట్నుంచి పొయ్యి. ఒక్కోదాంట్లోకీ నేను చూస్తా. నేను చూశాకే గుండు పెట్టు."

"కుక్క గీరితే?"

"గీరుకోనీ. ఇంకోటి, శనివారం మొదటి ఆరు తూటాలూ నువ్వే కాలుస్తావు. నేను స్తంభం వెనకాల నిలబడతా."

వెర్లిన్ ఇరవై ఆరు గొట్టాలూ ఖాళీ చేసి మళ్ళీ నిలబెట్టాడు. పిడి లాగాడు. మందు జారలేదు.

"కొట్టు," అన్నాడు ఆర్లో, టార్చి పట్టుకుని.

"తెలుసులే," అని వెర్లిన్ మర నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు.